ఆకాశంలో ఏకాదశి

"వ్రతం చెడిపోయినట్టేనా తమ్ముడూ?"

డాలస్ నుంచి ఫోన్ చేసి అక్కయ్య ముందుగా అడిగింది ఇదే. తొలి ఏకాదశినాడు కటిక ఉపవాసంతో విమానమెక్కింది. మంచినీళ్లు ముట్టలేదు, గుండె మాత్రా వేసుకోలేదు. దోహాలో మారిన రెండో విమానంలో బాత్రూముకని లేచి, సీట్ల మధ్య కుప్పకూలిపోయింది. ప్రయాణికుల్లో ఉన్న ఓ డాక్టరమ్మ పరుగున వచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ల కింద బ్యాగు పెట్టి ఎత్తి, నాడి చూసి, ఆక్సిజన్ పెట్టించింది. బాగా తెలివి వచ్చాక చక్కెర నీళ్లు తాగించింది. అక్కయ్య దిగులంతా ఆ నీళ్ల గురించే.

చాదస్తమని నేను కొట్టిపారేయను. రాయలవారు మన ఘంటసాల దగ్గరి శ్రీకాకుళంలో ఏకాదశి ఉపవాసం ఉన్న రాత్రే ఆంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి కావ్యం చెప్పమన్నాడని ఆముక్తమాల్యదలో ఉంది. ఆ స్వామి గుడికి అవనిగడ్డ నుంచి బస్సెక్కి వెళ్లొచ్చే అక్కయ్యకి ఏకాదశి అంటే ప్రాణం.

కానీ విమానం లోపలి గాలి ఆరేడు వేల అడుగుల కొండ మీది గాలిలా పల్చగా ఉంటుంది, పైగా బాగా పొడి. గంటల తరబడి కూర్చుంటే రక్తం కాళ్లలోకి దిగుతుంది. ఒంట్లో నీళ్లు లేనివాళ్లు గభాలున లేస్తే కళ్లు తిరుగుతాయి. 2013లో అమెరికా వైద్య పత్రిక ఒకటి విమానాల్లో వచ్చిన దాదాపు 12 వేల అత్యవసర కేసులు పరిశీలించి అచ్చేసింది. అందులో స్పృహ తప్పినవి, తప్పబోయినవి కలిపి 37 శాతం. నూటికి ఏడు కేసుల్లో విమానాన్ని దారి మళ్లించాల్సి వచ్చింది. గుండె మాత్రలు వాడే పెద్దావిడ పడిపోతే అది వట్టి నీరసమో, గుండె లయ తప్పిందో అక్కడికక్కడ తేల్చడం ఎంత డాక్టరుకైనా కష్టమే.

"వ్రతం చెడలేదక్కయ్యా" అన్నాను. వ్రతాన్ని చెడగొట్టనివి ఎనిమిదని భారతం ఉద్యోగపర్వంలో విదురుడు ధృతరాష్ట్రుడికి చెప్పాడు. వాటిలో మొదటిది నీళ్లు. పాలు, పండ్లు, మందు కూడా ఉన్నాయి. విదురుడు వదిలిపెట్టిన నీళ్లను మనం పట్టుదలకు పోయి నిషేధించుకుంటే అది నియమానికి మనం తగిలించిన బరువే. ఆ బరువు మోసింది అక్కయ్య ఒక్కతే కాదు. నిద్రలోంచి లేచి వచ్చిన డాక్టరమ్మ మోసింది, దించాలా వద్దా అని ఆలోచించిన పైలట్ మోశాడు. స్వామి చూసుకుంటాడంటుంది అక్కయ్య. చూసుకున్నాడు కాబట్టే ఆ డాక్టరమ్మ ఆ విమానంలో ఉందంటాను నేను.

ద్వాదశినాడు ఉపవాసం విడిచే పారణ మాటే ఇంకా తేలలేదు. పడమటికి ఎగురుతుంటే సూర్యుడు ఓ పట్టాన అస్తమించడు. ద్వాదశి సూర్యోదయం డాలస్‌లో అయ్యేసరికి అవనిగడ్డలో తెల్లవారి దాదాపు 11 గంటలు గడిచిపోతాయి. సంకల్పంలో దేశం, కాలం రెండూ చెప్పుకుంటాం. అక్కయ్య చెప్పుకున్నది కృష్ణ ఒడ్డున, కాబట్టి అక్కడి సూర్యోదయానికే పారణ చేయవచ్చని నా ఉద్దేశం. పంచాంగం తెలిసినవారు ఒప్పుకోకపోతే నాతో వాదించవచ్చు. ఈలోగా అక్కయ్య మాత్రల చీటీ చేతిసంచిలో పెట్టుకోవాలి, దాహమైనా కాకపోయినా నీళ్లు తాగుతుండాలి.