కంపెనీకి ఆత్మ యున్నదా?

చదువదగిన భాగములు: మార్కు 12:41–44, మత్తయి 28:11–15



మనుష్యుడు మంటినుండియు దేవుని ఊపిరినుండియు కలిగెనని మనము నమ్ముచున్నాము. కంపెనీ కలుగు విధము వేరు. కొందరు కూడి కాగితములు వ్రాసి, రిజిస్ట్రారు ఆఫీసులో దాఖలు చేసి, రుసుము చెల్లించినయెడల చట్టము కన్నులకు ఒక క్రొత్త 'వ్యక్తి' పుట్టును. ఆ వ్యక్తికి పేరుండును, ఆస్తి యుండును. అప్పు చేయవచ్చును, కోర్టులో దావా వేయవచ్చును. దానికి ఆకలి లేదు, జ్వరము రాదు. వాటాదారులందరు మరణించినను అది మరణించదు. తప్పు చేసినయెడల చెరసాలలో వేయుటకు దేహము లేదు, పశ్చాత్తాపపడుటకు మనస్సాక్షి లేదు.

ఇంతమాత్రమున కంపెనీలన్నియు చెడ్డవని తలంచరాదు. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడినది. దాని ఆస్తులను భద్రము చేయుటకు ఏర్పరచిన ట్రస్టు అసోసియేషను కంపెనీల చట్టము క్రింద రిజిస్టరైనదే గదా! పాస్టరుగారు బదిలీ అయినను, పెద్దలు గతించినను, గుడి నేల ఒకరి కొడుకులకు పంపకమునకు పోకుండుట ఆ యేర్పాటు వలననే. కాబట్టి కంపెనీ 'వ్యక్తి' యనుట చట్టము మన మేలుకొరకు చెప్పిన యొక ఉపమానము వంటిది. ఆ యుపమానము లేచివచ్చి, మనతో సమానముగా ఎన్నికల విషయమై మాటలాడ నారంభించినప్పుడే చిక్కు కలుగుచున్నది.

ఈ ప్రశ్న మన తెలుగుదేశమునుండియే ఒకసారి సుప్రీము కోర్టుకు వెళ్లినది. స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషనుకును విశాఖపట్నము వాణిజ్యపు పన్నుల అధికారికిని అమ్మకపు పన్ను విషయమై వివాదము పుట్టెను. పౌరులకు రాజ్యాంగమిచ్చిన స్వాతంత్ర్యములు తనకును కలవని కార్పొరేషను వాదించెను. 1963లో కోర్టులోని అధికసంఖ్యాకులైన న్యాయమూర్తులు, కంపెనీ చట్టము దృష్టిలో వ్యక్తియే గాని ఈ దేశపు పౌరుడు కాదని తీర్పు చెప్పిరి. అమెరికా మరియొక త్రోవను పోయినది. అక్కడి సుప్రీము కోర్టు 2010లో, ఎన్నికల ప్రచారమునకై కంపెనీలు స్వయముగా చేయు ఖర్చును నిషేధించుట వాక్‌స్వాతంత్ర్యమునకు విరుద్ధమని చెప్పెను. అనగా అక్కడ సొమ్ము వెచ్చించుటయు ఒక విధమైన మాటయే.

మన దేశములో కంపెనీ మాటలాడలేదు గాని, దాని సంచి మాటలాడుచునే వచ్చినది. 1957లో టాటా ఉక్కు కంపెనీ రాజకీయ పార్టీలకు విరాళములిచ్చునట్లు తన నిబంధనలను మార్చుకొనగోరినప్పుడు, బొంబాయి హైకోర్టులో చాగ్లాగారు అనుమతి నియ్యక తప్పలేదు గాని, ఇది ప్రజాస్వామ్యమునకు గొంతు నులుము అపాయమగునని హెచ్చరించిరి. ఆ తరువాత చట్టము 1960లో హద్దు పెట్టెను, 1969లో బొత్తిగా నిషేధించెను, 1985లో మరల అనుమతించెను. 2013 చట్టము ప్రకారము మూడేండ్ల సగటు లాభములో నూటికి ఏడున్నర వంతు మించరాదు. 2017లో ఆ హద్దును తీసివేసిరి. లాభములేని కంపెనీ కూడ ఎంతైన ఇయ్యవచ్చునట! నష్టములోనున్న వ్యాపారి కోట్లు దానము చేసినచో, ఆ సొమ్ము ఎవరిదని మన గ్రామములోని కిరాణా కొట్టువాడైనను అడుగును.

2018 జనవరిలో ఎన్నికల బాండ్లు వచ్చెను. స్టేటు బ్యాంకులో వెయ్యి రూపాయలు మొదలుకొని కోటి రూపాయల వరకు గల కాగితమును కొని, ఇష్టమైన పార్టీకి ఇయ్యవచ్చును. ఇచ్చినవారి పేరు ప్రజలకు తెలియదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీము కోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ఏకాభిప్రాయముతో దీనిని కొట్టివేసి, లెక్కలు బయటపెట్టుమని ఆజ్ఞాపించెను. 2019 ఏప్రిలు 12 నుండి కొన్నవారిలో మొదటిది కోయంబత్తూరు లాటరీ కంపెనీ, 1,368 కోట్లు. రెండవది మన హైదరాబాదులోని మేఘా ఇంజనీరింగు, 966 కోట్లు. పుచ్చుకొన్న పార్టీలలో భారతీయ జనతా పార్టీ ఆరువేల కోట్లతో ముందుండగా, మన భారత రాష్ట్ర సమితికి పండ్రెండు వందల కోట్లకు పైగా వచ్చెను. ఆ కాలమున ఈ కొనుగోలు చట్టబద్ధమే; ఎవరిని నేరస్థులని మేము పిలుచుటలేదు.

ఇచ్చట ఒక మంచి క్రైస్తవుడు అడుగవచ్చును: 'కుడిచేయి చేయు ధర్మము ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు బోధించెను గదా (మత్తయి 6:3), రహస్యముగా ఇచ్చుటలో తప్పేమి?' ఈ ప్రశ్నను తేలికగా తీసివేయరాదు. ప్రభుత్వమువారు కోర్టులో చెప్పినదియు ఇంచుమించుగా ఇదియే. పేరు తెలిసినయెడల ఎదుటి పార్టీవారు పగతీర్చుకొందురని వారి భయము. ఆ భయము వట్టిది కాదు, పల్లెలలో మనమెరిగినదే. అయినను ప్రభువు బోధ ఎవరికిచ్చు ధర్మమును గూర్చినది? బీదవానికిచ్చుటను గూర్చినది. తిరిగి యియ్యలేనివారిని విందుకు పిలువుమని లూకా 14లో ఆయనయే చెప్పెను. రోడ్డు పనులు, గనులు, లైసెన్సులు చేతిలోనున్నవానికి ఇచ్చునది అట్టి ధర్మము కాదు. అక్కడ పుచ్చుకొనువానికి పేరు తెలియకుండుట కల్ల, తెలియనిది మనకే. కోర్టువారును, కంపెనీ విరాళము వ్యాపార లావాదేవీయే గాని ఒక పౌరుని అభిప్రాయమువంటిది కాదనియు, ఓటరునకు తెలిసికొను హక్కు కలదనియు చెప్పిరి. ఆ తీర్పుతో ఏడున్నర వంతు హద్దు మరల నిలిచినది.

కానుకపెట్టె యెదుట కూర్చుండి ప్రభువు చూచెను. ధనవంతులు వేసినదియు, విధవరాలు వేసిన రెండు కాసులును ఆయన కన్నులయెదుటనే పడెను. సమాధికి కావలియున్న సైనికుల సంగతి వేరు. ప్రధానయాజకులు వారికి విస్తారమైన ద్రవ్యమిచ్చి ఏమి చెప్పవలెనో నేర్పిరి. సొమ్ము మాటయగునని వాదించువారు ఈ భాగమును చదువవలెను. అక్కడ సొమ్ము తానే మాటలాడలేదు, ఇతరుల నోట మాటను పెట్టినది.

మా మల్కాజ్‌గిరి లోక్‌సభ నియోజకవర్గములో 2024 ఎన్నికలలో 37 లక్షలకు పైగా ఓటర్లుండిరి. దేశములో ఇదే పెద్దది. అభ్యర్థి 95 లక్షల రూపాయలకు మించి ఖర్చు చేయరాదని చట్టము. భాగించి చూచినచో తలకు రెండున్నర రూపాయలు! టీ నీళ్లకు కూడ చాలదు. అయితే ఈ హద్దు అభ్యర్థికే గాని పార్టీకి లేదు. ఇంటిముందు గట్టు కట్టి, పెరటి తలుపు తెరచినట్లున్నది.

ఓటుకు సొమ్ము ఇచ్చుటయు పుచ్చుకొనుటయు నేరములే. మన ప్రసంగపీఠములనుండి అయిదువందలు పుచ్చుకొన్న కూలి స్త్రీని గద్దించుచున్నాము, అది న్యాయమే. కోట్లను గూర్చి మనము నోరు మెదపకుండుట న్యాయము కాదు. ఆమె చేసినది తప్పని ఆమెకు తెలియును, అందుకే నోటును కొంగున దాచుకొనును. డైరెక్టర్ల బోర్డువారు తీర్మానము వ్రాసికొని, వాటాదారుల సొమ్మును పంపి, రాత్రి నిద్రపోగలరు. పాపమంతయు పేరుకు 'కంపెనీ'ది. కంపెనీని ప్రభువు బల్లయొద్దనుండి ఎవరు దూరముగా ఉంచగలరు? బోర్డులో చేయెత్తినవాడు మనుష్యుడు. అతడు మన సంఘస్థుడైనను కావచ్చును. అతనిని అతని పేరుతోనే పిలిచి అడుగవలెను.

'కొందరు కూడి మాటలాడుట తప్పా? సంఘము మాటలాడుటలేదా?' అని అందురు. సంఘ తీర్మానమునకు సభ్యులు కూర్చుండి చేతులెత్తుదురు. పింఛను సొమ్ముతో నాలుగు వాటాలు కొన్న ముసలివానిని, ఏ పార్టీకి ఇయ్యవలెనని ఎవరడిగిరి?

పార్టీలు 20,000 రూపాయలకు మించి విరాళమిచ్చినవారి పేర్లను ఏటేట ఎన్నికల సంఘమునకు తెలుపవలెను. ఆ పట్టికలను ఎవరైనను చూడవచ్చును. మన యౌవనస్థుల కూటములలో ఫోను పట్టుకొనువారికి కొదువలేదు. ఒక ఆదివారము సాయంకాలము ఆ పట్టికను తెరచి, మన మండలములో రోడ్డు, కాలువ పనులు పొందిన కంపెనీల పేర్లు అందున్నవో లేవో చూడవచ్చును. పేరున్నంత మాత్రమున ఎవరిమీదను అపవాదు వేయరాదు. ఆ పట్టికలు ఎక్కువగా ఇంగ్లీషులో నుండును గనుక, చదివినవారు పెద్దలకు తెలుగులో చెప్పవలసియుండును.