లక్షమందిలో ఒక్క కన్ను



పోయిన వైశాఖ పున్నమి నాడు భద్రాచలం దగ్గర ఒక పల్లెలో బుద్ధవందన అయ్యాక చాపల మీద కూర్చుని మాట్లాడుకుంటున్నాం. ఒక అక్క లేచి అడిగింది: "తమ్ముడూ, టీకా వేసిన పది రోజులకు మా కోడలికి కన్ను ఎర్రబడింది. వెలుతురు చూడలేకపోయింది, అంతా మసక. చూపించుకోబోతే 'టీకాకూ కంటికీ ఏం సంబంధం, పో' అన్నారు. ఊళ్ళోవాళ్ళు 'టీకా వల్లే, ఇంక ఎవరూ వేయించుకోవద్దు' అన్నారు. పక్కింటి పెద్దమ్మ 'పోయిన జన్మలో చేసుకున్నది' అన్నది. ఈ మూడింట్లో ఏది నిజం? మన ధమ్మం ఏం చెప్తది?"

ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. నేను బి.ఏ. చదివినవాణ్ణి, డాక్టర్ని కాను. తర్వాత తెలిసిన డాక్టర్లను అడిగాను, దొరికినంత చదివాను. అక్కకు బాకీపడ్డ జవాబు ఇది.

కంట్లో ఏం జరుగుతుంది?

మామూలు కండ్ల కలకలో పుసి కడుతుంది, కొన్ని రోజుల్లో తగ్గుతుంది. ఇది అది కాదు. కంటి మధ్య పొరకు వాపు వస్తే దాన్ని యువైటిస్ అంటారు. కన్ను ఎర్రబడటం, నొప్పి, వెలుతురు భరించలేకపోవడం, చూపు మసకబారడం, కంటి ముందు నల్ల చుక్కలు తేలడం దీని గుర్తులు. కంటి నరానికి వాపు వస్తే ఆప్టిక్ న్యూరైటిస్. అందులో కన్ను తిప్పితే నొప్పి, రంగులు వెలిసిపోయినట్టు కనిపించడం, చూపు పడిపోవడం ఉంటాయి.

హెపటైటిస్-బి, ఎంఎంఆర్, ఫ్లూ, హెచ్‌పీవీ, కోవిడ్ టీకాల తర్వాత కొద్దిమందికి ఇట్లాంటి వాపులు వచ్చినట్టు వైద్య పత్రికల్లో నమోదై ఉంది. చాలా అరుదు. టీకా శరీరంలోని రక్షణ శక్తిని లేపుతుంది. ఎప్పుడో ఒకసారి ఆ శక్తి దారి తప్పి సొంత కంటి మీదే పడవచ్చని డాక్టర్ల అనుమానం. వేళకు చుక్కల మందు, అవసరమైతే స్టెరాయిడ్ మాత్రలో ఇంజెక్షనో ఇస్తే ఎక్కువమందికి నయమవుతుంది. ఆలస్యమైతే శుక్లం, నీటికాసులు, చివరికి చూపు పోవడం దాకా వెళ్ళవచ్చు.

అయితే ఇదే వాపు టీకా ఊసే లేనివాళ్ళకూ వస్తుంది. మన దేశంలో టీబీ కూడా దీనికి ఒక ముఖ్య కారణం. కాబట్టి ఒక మనిషిని చూపించి "ఇది కచ్చితంగా టీకా వల్లే" అనడం కష్టం. "కానే కాదు" అనడమూ అంతే కష్టం.

మూడు జవాబులు

మొదట పెద్దమ్మ మాట. సంయుత్త నికాయంలో మోళియ సీవకుడు అనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి ఇదే అడిగాడు: మనిషి పడే బాధంతా పూర్వకర్మ ఫలమేనా అని. బుద్ధుడు ఒప్పుకోలేదు. పైత్యం, కఫం, వాతం, రుతువుల మార్పు, దెబ్బలు, ఇట్లా ఎన్నో కారణాలు చెప్పి, అన్నీ పూర్వకర్మే అనేవాళ్ళు తప్పు మాట్లాడుతున్నారన్నాడు. పూర్వజన్మ కర్మ అనే మాట పేదవాడి కష్టానికి సమాజాన్ని బాధ్యత నుంచి తప్పిస్తుందని బాబాసాహెబ్ "బుద్ధుడు - ఆయన ధమ్మం"లో తేల్చి చెప్పారు. చివరి ఏండ్లలో ఆయనకూ చూపు మందగించింది. ఆ కండ్లతోనే ఆ గ్రంథం పూర్తి చేశారు. అది ఏ జన్మ పాపమని అనగలరు ఎవరైనా?

రెండోది ఊరి మాట. ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదు. ప్రతీత్య సముత్పాదం అంటే కారణాలను ఒక్కొక్కటిగా విప్పి చూడమనడం. కంటికి వచ్చిన ముప్పును లెక్కపెట్టేటప్పుడు టీకా కాపాడిన కండ్లనూ లెక్కపెట్టాలి. ఒకప్పుడు మశూచి ఎంతమందిని గుడ్డివాళ్ళను చేసిందో మన ముసలివాళ్ళు చెప్పేవాళ్ళు. 1975 తర్వాత మన దేశంలో ఆ జబ్బే లేదు. తట్టు సోకిన పిల్లల్లో, అందులోనూ ఏ విటమిన్ చాలని పేదపిల్లల్లో, చూపు పోయేది. తట్టు టీకా దాన్ని ఆపింది. "ఎవరూ వేయించుకోవద్దు" అంటే మళ్ళీ ముందుగా పోయేది మన పిల్లల కండ్లే.

మూడోది "సంబంధం లేదు, పో" అన్న మాట. చదువుకున్నవాళ్ళ మాట కాబట్టి సైన్సులాగా వినిపిస్తుంది. కానీ పరీక్ష చేయకుండా ఇచ్చిన తీర్పు సైన్సు ఎట్లా అవుతుంది? పెద్దవాళ్ళు చెప్పారని, గురువు చెప్పాడని నమ్మవద్దని కాలామ సుత్తం బోధ. అది తెల్లకోటుకూ వర్తిస్తుంది.

ఖమ్మం మరచిపోలేనిది

ఈ "పో" అనే మాట మన జిల్లాకు కొత్త కాదు. 2009 జూలైలో, అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏండ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. అమెరికాకు చెందిన పాత్ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన కార్యక్రమం అది. చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉండే ఆదివాసీ, దళిత పిల్లలు. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇట్లాగే వేశారు. రెండు చోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపింది.

విచారణ కమిటీ ఆ మరణాలకు టీకా కారణమని తేల్చలేదు. నీట మునగడం, పాముకాటు, పురుగుమందు, మలేరియా వంటి కారణాలు బయటపడ్డాయి. ఇది మనం ఒప్పుకోవాలి. ఆ టీకా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకుంటుందనేదీ ఒప్పుకోవాలి. కానీ అదే విచారణలో ఇంకో నిజం తేలింది. మన దగ్గర పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లే సంతకం పెట్టారు. 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని గట్టిగా తప్పుపట్టింది.

టీకా మంచిదే కావచ్చు. అడగకుండా వేయడం మంచిది కాదు. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం. ఒకటి చెప్పడం కోసం రెండోది దాచనక్కర్లేదు.

అసలు ప్రశ్న

"లక్షల మందికి మేలు జరుగుతుంటే ఒక్కరికి కన్ను నొప్పి వస్తే ఏమైంది?" అని అడిగేవాళ్ళున్నారు. లెక్క ప్రకారం సరే. కానీ దుఃఖాన్ని లక్షతో భాగించలేం. ఆ ఒక్కరికి అది నూటికి నూరు పాళ్ళు దుఃఖమే.

టీకా వేయించుకున్న మనిషి తనను మాత్రమే కాదు, పక్కవాళ్ళనూ కాపాడుతుంది. అందరి మేలు కోసం చేయి చాచిన మనిషికి హాని జరిగితే, అందరూ ఆమెకు బాకీ ఉన్నట్టే. ముందుగా చెప్పడం, తర్వాత చూసుకోవడం, జరిగింది రాసిపెట్టడం ఆ బాకీలో భాగం. చెప్తే జనం భయపడతారని దాచేవాళ్ళు జనాన్ని పిల్లలుగా చూస్తున్నారు. దాచింది బయటపడ్డ రోజున జనం అన్ని టీకాలనూ అనుమానిస్తారు. ఖమ్మంలో జరిగింది అదే.

బాబాసాహెబ్ ధమ్మంలో చూసినవి ప్రజ్ఞ, కరుణ, సమత. ఇక్కడ సమత ఎక్కడుంది? పట్నంలో కన్ను ఎర్రబడితే తెల్లారేసరికి కంటి డాక్టర్ ముందు కూర్చుంటారు. గూడెంలో అయితే మొదట నందివర్ధనం రసం, తర్వాత చనుబాలు, తర్వాత ఆర్ఎంపీ ఇచ్చిన ఏవో చుక్కలు. నెల దాటాక బస్సెక్కుతారు. వాపు ఇద్దరికీ ఒకటే. చూపు పోయేది ఒకరికే. జబ్బు అరుదు, ఆలస్యం అరుదు కాదు. మనం కొట్లాడాల్సింది దాని మీద.

మనం చేయాల్సింది

టీకాలు మానకండి, పిల్లలకు మాన్పించకండి. వేసే ముందు ఏ టీకా, ఎందుకు, ఏం రావచ్చు అని అడగండి. కార్డు దాచుకోండి. కన్ను ఎర్రబడి నొప్పి, మసక ఉంటే కంట్లో ఏమీ పిండవద్దు. మందుల షాపు చుక్కలు సొంతంగా వేయవద్దు. ఒకటి రెండు రోజుల్లో కంటి డాక్టర్‌కు చూపించి, టీకా తేదీ చెప్పండి. ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు చెప్పి రాయించండి. 1800-180-3024 నంబరుకు మనమే ఫోన్ చేసి చెప్పవచ్చు. తర్వాతి డోసు గురించి డాక్టర్‌ను అడిగాకే నిర్ణయించుకోండి.

2022 మే 2న జాకబ్ పులియెల్ కేసులో జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, జస్టిస్ బి.ఆర్. గవాయ్ ధర్మాసనం ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదని చెప్పింది. టీకా తర్వాతి ఇబ్బందులను ప్రజలు కూడా నమోదు చేసే ఏర్పాటు ఉండాలన్నది. అంటే అడగడం మన హక్కు.

అక్క కోడలిని తర్వాత కంటి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. చుక్కలు వేశాక చూపు చాలావరకు తిరిగొచ్చింది. "టీకా వల్ల కావచ్చమ్మా, కాకపోవచ్చు. కచ్చితంగా చెప్పలేను. రాసి పంపుతాను, మళ్ళీ వారం రండి" అన్నది ఆమె. బయటికొచ్చాక అక్క అన్నది: "ఈ మాట మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే నేను నెల రోజులు ఏడవకపోదును."

తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియదని చెప్పి, మనిషిని వదిలేయకుండా ఉండటం సమ్మా వాచ. దానికి డాక్టరే కానక్కర్లేదు. మనలో ప్రతి ఒక్కరం చేయగలం.

నమో బుద్ధాయ! జై భీమ్!