పెద్దల విస్తరిలో చేదు

దైవమునకు నివేదించు పదార్థము తియ్యనిదై యుండవలెనని మన మందఱమును సహజముగనే తలంతుము. వినాయకునికి కుడుములు, శ్రీరామునికి పానకము, తిరుమలేశునికి లడ్డు; మాధుర్యము లేని నైవేద్యము నూహించుటకే మనస్సు రాదు. శ్రీమద్భాగవతమున ఏకాదశస్కంధమందు భగవానుడు ఉద్ధవునితో, లోకమున ఎవని కేది మిక్కిలి ప్రియమో దానినే తనకు సమర్పింపవలసినదని చెప్పియున్నాడు. ఇట్టి సంప్రదాయమున పుట్టి పెరిగినవారమే, భాద్రపద బహుళమున పెద్దల అమావాస్య రాగానే, ఇంటిలో సగముమంది ముట్టని కాకరకాయను వెదకి తెచ్చి, వండి, పితృదేవతల పేర విస్తరిలో వడ్డించుచున్నాము. ప్రియమైనది దేవునికిని, అప్రియమైనది పెద్దలకునా? ఈ ప్రశ్న చిరకాలముగా నా మనస్సున నిలిచియున్నది. ఆచారమని తలవంచి యూరకుండుటకు గాని, ఆరోగ్యమునకు మంచిదని సరిపెట్టుకొనుటకు గాని నాకు తృప్తి కలుగలేదు.

నిమ్మనపల్లె, మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములు తెలుగును కన్నడమును తమిళమును ఒకదాని నొకటి ఒరసికొను నేల. ఇట్టి నేలపై శ్రాద్ధపు వంటను గూర్చి తమిళులును తెలుగువారును చెప్పుకొను కథ యొకటి కలదు. వసిష్ఠమహర్షి తన యింట శ్రాద్ధమునకు విశ్వామిత్రుని భోక్తగా పిలిచెనట. తనకు వేయి యెనిమిది కూరలు వడ్డింపవలయునని విశ్వామిత్రుడు నియమము పెట్టెనట. అరుంధతీదేవి కాకరకూరయు, నల్లేరు పచ్చడియు, పనసకూరయు, వీనితోపాటు మఱి యెనిమిది కూరలు మాత్రమే వడ్డించి, శ్రాద్ధకాలమున కాకర నూఱు కూరలకును, నల్లేరు మున్నూఱింటికిని, పనస ఆఱునూఱింటికిని సాటియని శాస్త్రప్రమాణమును చూపెనట. విశ్వామిత్రుడు మాఱుమాట లేక భుజించెను. ఈ లెక్కను విని నవ్వుకొని పోవువారు పెక్కురు. నేను మాత్రము ఆ మూడింటిని వండు చేతులను గూర్చి తలపోయుదును. కాకర చేదు; నల్లేరు మన మెట్టపొలముల కంచెలపై నల్లుకొని పెరుగు నాలుగు పలకల తీగె, సరిగా నూనెలో వేచి చింతపండుతో పదును చేయనిచో నాలుకను గొంతును దురద పెట్టించును; పనసకాయను కోయబూనినవారి చేతికిని కత్తికిని పాలు జిగురై పట్టుకొని వదలదు. మూడును వంటయింటిని శ్రమపెట్టునవే. అరుంధతి కూరల సంఖ్యను శ్రమతో కొలిచినదని నాకు తోచును. ఆ కొలత ధర్మబద్ధమైన దనియే నా నమ్మకము.

మదనపల్లె పేరు వినగానే ఎవరికైనను టమోటా జ్ఞప్తికి వచ్చును. ఆసియాఖండములోని పెద్ద టమోటా విపణులలో నొకటిగా పేరొందిన యార్డు అచ్చట నున్నది. నిమ్మనపల్లె చుట్టుపట్ల రైతులును కొయ్యలు నాటి, తీగెలు కట్టి, దానినే నమ్ముకొని బ్రదుకుచున్నారు. ఈ సీమలో టమోటా లేని పప్పు గాని చాఱు గాని నేడు అరుదు. అట్టి టమోటాకు నిష్ఠతో సాగు శ్రాద్ధపు వంటలో ప్రవేశము లేదు. అది దక్షిణ అమెరికానుండి సముద్రములు దాటి మన దేశమునకు వచ్చి కొన్ని శతాబ్దములే యైనది. దానివలెనే వచ్చిన మిరపకాయకును ఆనాడు సెలవే, కారమునకు మిరియమే గతి. ఊరికి అన్నము పెట్టుచు, ఊరందఱకు ప్రియమైన పంట గుమ్మము వెలుపల నిలువగా, ఎవ్వరును కోరని కాకర లోనికి పోయి విస్తరి నలంకరించుచున్నది. టమోటా పండించు రైతు చెమటను ఇందువలన నేను తక్కువ చేయుట లేదు. ఆనాటి విస్తరి మన కాలపు రుచులకు బద్ధమైనది కాదని మాత్రమే చూపుచున్నాను. టమోటాను గాని మిరపకాయను గాని ఎఱుగక బ్రదికి పోయిన పూర్వులు మన వంశములలో ఎన్ని తరములవారో గదా!

శ్రోత్రియుల ఆచార మిట్లుండ, అదే ఊళ్లలో ఇతర కుటుంబములయందు పెద్దల పండుగ మఱియొక తీరున జరుగును. అచ్చట శాస్త్రోక్తమైన కూరల పట్టిక లేదు. పోయినవారు బ్రదికియుండగా ఏది యిష్టపడి తినిరో దానినే వండి, క్రొత్తబట్టలతోకూడ పటము ముందు పెట్టుదురు. మాంసమైనను సరియే, సంగటియైనను సరియే. తాతకు కాకరకాయ వేపుడు ప్రాణమై యుండెనేని, మనుమలు మొగము ముడుచుకొన్నను ఆనాడు ఇంట కాకరకాయయే వేగును. పైకి భిన్నములుగా కానవచ్చు నీ రెండాచారములును ఒకే నిర్ణయముపై నిలిచియున్నవి: ఆనాటి వంట బ్రదికియున్నవారి నాలుక నడిగి చేయునది కాదు. మొదటి వారు శాస్త్రము నడుగుదురు, రెండవ వారు జ్ఞాపకము నడుగుదురు. ఇరువురును తమ్ము తా మడుగుకొనరు.

నా ప్రశ్నకు సమాధానము ఇచ్చటనే లభించుచున్నదని తలంతును. దేవునికి మనము సమర్పించునది మనది. కావున మనకు ప్రియమైనదానినే యిచ్చుట న్యాయము. పెద్దల విషయ మట్టిది కాదు. బ్రాహ్మణుడు పుట్టుకతోనే ఋషులకు, దేవతలకు, పితరులకు ఋణపడి పుట్టుచున్నాడని తైత్తిరీయసంహిత చెప్పుచున్నది. అప్పు తీర్చువాడు తన పెట్టెలో నున్న నాణెమేదియో దానితో తీర్చెద ననిన చెల్లదు, ఇచ్చినవాడు ఒప్పుకొను నాణెముతోనే తీర్పవలయును. చనిపోయినవారికి మనము నిజముగా నీయగలిగినది మిక్కిలి స్వల్పము. మన యిష్టమును గడియసేపు ప్రక్కకు జరిపి, ఆ చోటున వారి యిష్టమును కూర్చుండబెట్టగలము. కాకరకూర యట్టి చోటు.

ఐనను ఇచ్చట నొక బలమైన ఆక్షేపణ కలదు, దానిని దాటిపోవుట ధర్మము కాదు. కఠోపనిషత్తు ఆరంభమున వాజశ్రవసుడు సర్వస్వమును దానము చేయబూని, నీరు త్రాగుటయు గడ్డి మేయుటయు ముగిసినవి, పాలు వట్టిపోయినవి, ఇక ఈననివి యగు గోవులను ఋత్విజులకు తోలించెను. అది చూచిన ఆతని కుమారుడు, బాలుడగు నచికేతునియందు శ్రద్ధ ప్రవేశించెను. ఇట్టి దానము చేసినవాడు ఆనందము లేని లోకములకు పోవునని అతడు కలతచెందెను. తనకు అక్కఱలేనిదానిని పూజ్యులకు అంటగట్టుట దానము పేరిట జరుగు మోసమని ఆ బాలునికి తెలిసినది. మనకు నచ్చని కూరను పెద్దలకు పెట్టుటయు అట్టిదే కాదా యని ఎవరైన నడిగినచో ఏమి చెప్పుదుము?

భేదము కలదు, అది మిక్కిలి పెద్ద భేదము. వాజశ్రవసుడు ఆ గోవులను వదలించుకొనుటకై యిచ్చెను. కాకరను మనము వదలించుకొనుట లేదు. లేతదానిని, పురుగు పట్టనిదానిని, పందిరిపై నప్పుడే కోసినదానిని ఏరి తెచ్చుచున్నాము. ధర హెచ్చినను కొనుచున్నాము. అంతకంటె ముఖ్యమైనది: భోక్తలు లేచినపిదప పితృశేషమును కర్త తాను భుజింపవలయును. ఏ కూరను పెద్దల కర్పించెనో అదియే తన విస్తరిలోనికి తిరిగి వచ్చును. ఆ ముసలి గోవులు వాజశ్రవసుని యింటికి మరల రాలేదు. ఇచ్చినవాడును ఇచ్చినదానినే తినవలసియున్నచోట మోసమునకు తావు లేదు. అందువలననే, పెద్దలకు కాకర వడ్డించి తాము మాత్రము దానిని చేతితో ప్రక్కకు నెట్టి లడ్డుతో లేచిపోవువారిని చూచినప్పుడు నాకు నచికేతుడు గుర్తుకు వచ్చును.

తరువాతి వల్లిలో యముడు ఆ బాలునికి శ్రేయస్సు వేఱు, ప్రేయస్సు వేఱని బోధించెను. దీనిని పట్టుకొని, కాకర శ్రేయస్సు, మిఠాయి ప్రేయస్సు అని తేల్చివేయుట సులభము. నే నందుకు సమ్మతింపను. మధుమేహమునకు మందని కాకరరసమును ప్రొద్దుననే త్రాగువారు నేడు పలువు రున్నారు. ఆ ఫలము సంగతి వైద్యులు తేల్పవలసినది. లాభము కోరి మ్రింగిన చేదు సైతము ప్రేయస్సే, కొంత ఆలస్యముగా వచ్చు ప్రేయస్సు. పెద్దల విస్తరిలోని చేదు తినువానికి ఏ లాభమును వాగ్దానము చేయదు.

దీని వంటను గూర్చి కొంత చెప్పవలసియున్నది, ఏలయన ధర్మసూక్ష్మము సగము పొయ్యిమీదనే యున్నది. ఈ ప్రాంతమున మామూలు దినములలో పొట్టికాకరను నిలువున చీల్చి, గింజలు తీసి, ఉప్పు పసుపు పట్టించి, చింతపండు నీళ్లలో ఉడికించి, వేయించిన చెనిక్కాయల పొడిని కూరి నూనెలో మగ్గనిత్తురు. కన్నడసీమకు చేరువైన యిండ్లలో బెల్లము, చింతపండు, నువ్వులపొడి చేర్చి గొజ్జు చేయుదురు. తద్దినమునాడు ఇంతటి హంగు లేదు. చక్రములుగా తఱిగి, ఉప్పులో నూరవైచి, మిరియమో కొబ్బరియో చేర్చి దింపుదురు. ఊరిన ముక్కలను పిండుటయందే అంతయు నున్నది. పిండకున్న నోట పెట్టరాదు. గట్టిగా పిండి పిండి కడిగిన ముక్కలయందు కాకర లేదు, పీచు మాత్రమే మిగులును. మా పెద్దమ్మ ఈ పని క్రొత్తకోడళ్ల చేతి కప్పగించునది కాదు. “రోంత చేదుండాల, లేకుంటే పెద్దోళ్లకు చెల్లదు” అనెడిది. ఆ “రోంత” యెంతయో ఆమె వ్రేళ్లకు తెలియును. గీత పదునేడవ అధ్యాయమున రాజసాహారమును నిందించు శ్లోకమునకు వ్యాఖ్య వ్రాయుచు శంకరభగవత్పాదులు, అందలి రుచు లన్నింటియందును మితిమీఱుటయే దోషమని నిర్ణయించిరి. ఆ నిర్ణయమును చదువని మా పెద్దమ్మ దానిని ప్రతి సంవత్సరమును ఆచరణమున చూపెడిది. బెల్లము గుమ్మరించి చేదును పూర్తిగా కప్పివేయు నేటి వంటను నేను మెచ్చుకొనజాలను. అది పెద్దలకు పెట్టుచున్నట్లు నటించి మనకు మనము పెట్టుకొనుట.

చరకాచార్యుడు సూత్రస్థానము 26వ అధ్యాయమున తిక్తరసమును గూర్చి చెప్పిన మాట నాకు మిక్కిలి లోతైనదిగా తోచును: అది తాను రుచింపదు, కాని అరుచిని పోగొట్టును. తనకు లేని గుణమును ఇతరములకు కలుగజేయు రసము చేదొక్కటియే. సుశ్రుతుడు భోజనమున మొదట మధురమును, నడుమ పులుపును ఉప్పును, తక్కినవానిని కడపట వడ్డింపుమనెను. వంగదేశీయులు దీనికి విరుద్ధముగా కాకర చేర్చిన శుక్తోతోనే భోజన మారంభింతురు. క్రమ మేదైనను ఇరువురును చేదునకు చోటిచ్చిరి. యూదుల నిర్గమకాండము 12వ అధ్యాయమున పస్కా రాత్రి భోజనములో చేదుకూరలు తినవలెనను విధి కలదు. తమ పూర్వులు ఐగుప్తున అనుభవించిన దాస్యమును తలంచుకొనుటకే యని వారు చెప్పుదురు. పూర్వులను తలంచుటకు చేదును ఎన్నుకొన్నవారము మన మొక్కరమే కామని తెలిసినప్పుడు నాకు గొప్ప ఊఱట కలిగినది.

పిల్లలు కాకరను ఉమ్మివేయుదురు. అది పెంకెతనము కాదు. మనుష్యునిలో చేదును పసిగట్టు గ్రాహకములు సుమారు 25 విధములు కలవనియు, తీపికి ప్రధానముగా నొకటియే యనియు నేటి శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. మొక్కలలోని విషములు పెక్కు చేదైనవి గనుక దేహము ఇంతటి కావలి నేర్పఱచుకొన్నది. పసివారికి ఆ కావలి పెద్దలకంటె తీవ్రము. కావున బిడ్డ యొల్లననుట ప్రకృతిసిద్ధము. ఒల్లని కాయను క్రమముగా తినగలుగుట సంస్కారసిద్ధము. వేపను గూర్చి వేమయోగి చెప్పిన పద్య మెఱుగని తెలుగువాడు లేడు. ఆయన సమాధి కదిరి ప్రాంతమున కటారుపల్లెయందు, మదనపల్లెకు పొరుగుసీమలోనే యున్నది. సాధనచే చేదు తీపియగునని ఆ యోగి మాట.

అయితే మదనపల్లెలోనే 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి మఱియొక త్రోవ చూపెను. తనను జగద్గురువుగా నిలిపిన సంఘమును 1929లో స్వయముగా రద్దుచేసిన యా మహనీయుడు క్రతువులను ఒల్లనివాడు. తద్దినపు కాకరకూరను సమర్థించియుండడు. ఐనను ఇష్టానిష్టముల నడుమ ఎన్నుకొనక, ఉన్నదానిని ఉన్నట్లు చూడుమని జీవితాంతము బోధించెను. చేదును తీపిగా మార్చుకొనుటకంటె చేదును చేదుగానే ఎఱిగి, విముఖత లేచుటను గమనించి, పాఱిపోక కూర్చుండుట కష్టతరమని నాకు తోచును. వేమన త్రోవను పోవువారు కొంతకాలమునకు కాకరను ఇష్టపడుదురు, అది మంచిదే. కాని ఇష్టము పుట్టినపిదప తినుట ఎవ్వరైనను చేయగల పని. ఇష్టము పుట్టకున్నను, మఱియొకరి కొఱకు, శ్రద్ధతో వండి, వారితోపాటు తినుటయందే ఆ పండుగ యొక్క ధర్మ మున్నదని నా నిశ్చయము.

నేడు మన పండుగ భోజనములు ఎవరికేది కావలయునో అడిగి, అందఱకు నచ్చునవి మాత్రమే వండు విందులుగా మాఱుచున్నవి. వంటవానికి చెప్పి పంపు పట్టికలో మొదట కొట్టివేయబడునది కాకరయే. చదువరులకు నా విన్నప మొక్కటి. రాబోవు పెద్దల అమావాస్యకు ఆ పేరును పట్టికనుండి తీసివేయకుడు. ఇంట నొకరైనను స్వయముగా తఱిగి, పిండి, వండుడు. పిల్లల విస్తరిలో ఒక్క ముక్క మాత్రమే వేయుడు, బలవంతము చేయకుడు; మీ విస్తరిలో వడ్డించినది మీరు పూర్తిగా తినుడు. ఈ కూర యెవరి కిష్టమై యుండెనో, వారు ఏ యూర ఎట్లు బ్రదికిరో, తినుచున్నంతసేపు పిల్లలకు చెప్పుడు.