చలిలో ఎవరి వేగం ఎవరిది?

చెడ్డ వాతావరణమంటూ ఏదీ ఉండదు, ఉండేవల్లా చెడ్డ బట్టలే అని నార్వే వాళ్ల సామెత. వాళ్ల భాషలో ఆ రెండు మాటలకీ అంత్యప్రాస కుదిరింది కాబట్టి మరీ నోళ్లలో నానుతోంది. నేనుండే మినియాపోలిస్‌లో కూడా చలికాలం మొదలవగానే కొత్తగా వచ్చినవాళ్ల చెవిన ఎవరో ఒకరు దీన్ని వేస్తారు. వినడానికి బావుంటుంది. నాకే దీంతో చిన్న పేచీ.

ముందు ఇందులో ఉన్న నిజం ఒప్పుకోవాలి. మైనస్ 20 డిగ్రీల్లో స్కీయింగ్‌కి వెళ్తుంటే తెలిసినవాళ్లు మొదట జాగ్రత్త చెప్పేది చెమట గురించి. నూలు బనీను చెమట పీల్చుకుని ఒంటికి అంటుకుపోతుంది. కాసేపు ఆగామా, ఆ తడి ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. అందుకే లోపల ఉన్ని, పైన గాలిని ఆపే పొర. చెమట పట్టకముందే ఒక పొర తీసెయ్యాలి, లేదా వేగం తగ్గించాలి. బయల్దేరేటప్పుడు కాస్త చలేస్తుంటేనే సరిగ్గా తొడుక్కున్నట్టు లెక్క. ఈ కిటుకు పట్టుబడ్డాక గడ్డకట్టిన చెరువు మీద నడక ఎంత హాయో గుంటూరు ఎండల్లో పెరిగినవాడికి చెప్పి ఒప్పించడం కష్టం. కాళ్ల కింద మంచు కిర్రుమనడం తప్ప ఇంకో చప్పుడుండదు.

అదే పొద్దున, అదే చలిలో, పార్సెళ్లు పంచే మనిషీ ఉంటాడు. బట్టలు నావాటికంటే మంచివే అనుకుందాం. వ్యాన్ నుంచి గుమ్మానికి పరుగు, మళ్లీ వ్యాన్‌కి పరుగు. చెమట పడుతోందని నెమ్మదించలేడు. గంటకి 30 కిలోమీటర్ల గాలి తోడైతే ఆ మైనస్ 20 ఒంటికి మైనస్ 33లా తగులుతుంది. చలిని తట్టుకునే విద్యంతా మన వేగం మన చేతిలో ఉండటం మీదే నిలబడింది. సామెత బట్టల గురించి చెప్పి ఊరుకుంటుంది. (డౌన్‌టౌన్ ఆఫీసులవాళ్లకి ఆ బట్టలూ అక్కర్లేదు. 1962 నుంచీ కట్టుకుంటూ వచ్చిన స్కైవేల్లో కోటు లేకుండానే భోజనానికి వెళ్లొస్తారు.)

అలాగని ఆట హాయి, పని బాధ అని గీత గీసెయ్యలేం. కట్టెలు కొట్టడం ఒళ్లు హూనమయ్యే పని. అయినా లార్స్ మిట్టింగ్ 2011లో కట్టెలు కొట్టి పేర్చడం మీద రాసిన పుస్తకాన్ని నార్వేలో ఎగబడి కొన్నారు. గడ్డకట్టిన దుంగ ఫట్‌మని చీలుతుంటే ఆ తృప్తే వేరు. కాకపోతే చేతులు తిమ్మిరెక్కితే గొడ్డలి పక్కన పడేసి లోపలికి పోవచ్చు.

నార్వేలో పరాయివాళ్ల అడవిలోనైనా తిరిగే హక్కుని 1957లోనే చట్టంలో రాసుకున్నారు. అంటే అక్కడి ఆనందం వెనకాల బట్టలే కాదు, ఒక హక్కు కూడా ఉంది. బయటికి వెళ్లే హక్కు అది. లోపలికి వచ్చే హక్కు మాటేమిటి? అమెరికాలో చలిలో పనిచేసేవాళ్ల కోసం ప్రత్యేకమైన ఫెడరల్ ప్రమాణమే లేదు. కార్మికుల్ని ప్రమాదాల నుంచి కాపాడాలన్న సాధారణ బాధ్యత ఒక్కటే యజమానికి ఉంది.

ఇక వేగం సంగతి. ఏ వీధికి ఎన్ని నిమిషాలో లెక్కగట్టే ప్రోగ్రాములు రాసేది నాలాంటివాళ్లే. దూరం, ట్రాఫిక్, పార్సెళ్ల సంఖ్య అన్నీ అందులో పెడతాం. చేతితొడుగు విప్పి, సంతకం తీసుకుని, మొద్దుబారిన వేళ్లని మళ్లీ అందులోకి దూర్చుకోడానికి ఎన్ని సెకన్లు పెట్టాలి?