వేడికి విడిపోయే జంటలు నిజమైనవేనా?

కుమ్మరి ఆవంలో కాలిన కుండ ఎర్రబడుతుంది. ఆ మార్పు ఎక్కడ జరిగిందన్న ప్రశ్న దగ్గర మన ప్రాచీన తార్కికులు రెండు పక్షాలయ్యారు. వేడికి కుండ పరమాణువుల దాకా విడిపోతుందనీ, కొత్త రంగు ఆ పరమాణువుల్లోనే పుడుతుందనీ, అవి మళ్ళీ కూడి కుండ అవుతుందనీ వైశేషికులు అన్నారు. ఇది పీలుపాక వాదం. నైయాయికులు ఒప్పుకోలేదు. కుండ చెక్కుచెదరదు, సన్నని రంధ్రాల గుండా వేడి లోపలికి చొరబడి మొత్తం కుండనే మారుస్తుందన్నారు. ఇది పిఠరపాక వాదం. మార్పు అవయవాల్లో, అంటే భాగాల్లోనైనా జరగాలి, అవయవిలో, అంటే మొత్తంలోనైనా జరగాలి అన్నచోట ఇద్దరూ ఒకటే. పరమాణు కేంద్రకంలో వేడి చేసే పనిని గమనిస్తే మార్పుకు మూడో చోటు ఒకటి కనిపిస్తుంది. అది అవయవాల నడుమ ఉన్న సంబంధం. ఆ సంబంధం షరతులకు లోబడినదైనా పూర్తిగా నిజమైనదేనని నా వాదన.

కేంద్రకంలో ప్రోటాన్లు ప్రోటాన్లతోనూ, న్యూట్రాన్లు న్యూట్రాన్లతోనూ ఎదురెదురు స్పిన్‌లతో జతకడతాయి. 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ అతివాహకతను ఎలక్ట్రాన్ జంటలతో వివరించారు. కేంద్రకంలోనూ అలాంటి అమరికే ఉండవచ్చని మరుసటి ఏడాది ఆగే బోర్, మోటెల్సన్, పైన్స్ సూచించారు. దీనికి ఆనవాళ్ళు గట్టివి. ప్రోటాన్లూ న్యూట్రాన్లూ రెండూ సరిసంఖ్యలో ఉన్న కేంద్రకాలన్నిటికీ కనిష్ఠ శక్తిస్థితిలో స్పిన్ సున్నా. యురేనియం-235లో 143 న్యూట్రాన్లు ఉంటాయి. నెమ్మదిగా వచ్చిన మరో న్యూట్రాన్ ఆ బేసి న్యూట్రాన్‌తో జతకడితే, అదనంగా వెలువడే శక్తి కేంద్రకం చీలడానికి తోడ్పడుతుంది. 146 న్యూట్రాన్లున్న యురేనియం-238కి ఆ లాభం దక్కదు.

ఇక వేడి. డిస్ప్రోసియం, యటర్బియం వంటి బరువైన కేంద్రకాలను ఓస్లో సైక్లోట్రాన్ ప్రయోగశాలలో పరిశీలించినప్పుడు, సుమారు 5 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల ఉష్ణోగ్రత దగ్గర విశిష్టోష్ణం ఎస్ ఆకారపు వంపు తిరిగింది. ఆ ఉష్ణోగ్రత దాదాపు 600 కోట్ల కెల్విన్లు. సూర్యగర్భంలో ఉన్నది 1.5 కోట్లే. ఆ వంపు జంటలు సడలిపోతున్నాయనడానికి గుర్తు. ప్రోటాన్ ప్రోటాన్‌గానే ఉంది, కేంద్రకం కేంద్రకంగానే ఉంది. సడలింది వాటి పొత్తు ఒక్కటే.

సుమారు నూట అరవై కణాలే ఉన్న ఇలాంటి కేంద్రకానికి ఉష్ణోగ్రత ఏమిటని అడగవచ్చు. ప్రతి శక్తి దగ్గరా కేంద్రకానికి ఎన్ని స్థితులు సాధ్యమో లెక్కిస్తే ఎంట్రోపీ తెలుస్తుంది. శక్తితో పాటు ఎంట్రోపీ ఎంత వేగంగా పెరుగుతుందన్న దాని నుంచి ఉష్ణోగ్రత వస్తుంది. కాబట్టి ఆ మాటకు కచ్చితమైన అర్థముంది. లోహంలో అతివాహకత ఒక్కసారిగా తెగిపోతుంది, కేంద్రకంలో జంటలు మెల్లమెల్లగా సడలుతాయి, అలాంటప్పుడు ఉన్నదేదో పోయిందని ఎలా అంటారన్నది రెండో ప్రశ్న. కణాలు కొద్దిగానే ఉండటం వల్ల రెండు స్థితుల నడుమ గీత చెదిరింది. గీత చెదిరినంత మాత్రాన దానికి అటూ ఇటూ ఉన్న తేడా చెరిగిపోదు.

వీటికంటే లోతైన ఆక్షేపణ అద్వైతుల నుంచి వస్తుంది. మూడు కాలాల్లోనూ బాధితం కానిదే, అంటే తరువాతి జ్ఞానంతో లేదని తేలనిదే, సత్యమని వారి నిర్ణయం. వేడికి పోయే జంటకు ఆ అర్హత లేదు కదా? ఆ పరమార్థ సత్యాన్ని జంటకు అంటగట్టాలని నేను కోరను. కానీ నశించడం వేరు, బాధితం కావడం వేరు. ఈ తేడా వేదాంతులూ పాటించినదే. తాడులో కనిపించిన పాము దీపం తేగానే ఎన్నడూ లేదని తేలుతుంది. వేడికి సడలిన జంట విషయంలో అలా తేలదు. చల్లని కేంద్రకంలో అది ఉండేదని కొలతలు చెబుతూనే ఉంటాయి. పని చేయగలగడమే ఉనికికి గుర్తన్న బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి క్షణికమైనదాన్నే సత్తుగా అంగీకరించాడు. కేంద్రకం ద్రవ్యరాశినీ, యురేనియం చీలికనూ ప్రభావితం చేసే జంట ఆ పరీక్షలో నిలుస్తుంది. పరిస్థితి మారితే తెగిపోతుందన్న ఒక్క కారణంతో ఏ సంబంధాన్నీ భ్రమగా కొట్టివేయకూడదు. ఉన్నన్నాళ్ళూ అది చేసే పనే దాని ఉనికికి ప్రమాణం.