ఎవరూ చూడని జీవుల చదువు దేనికి?

ఒక జుమా రోజు నమాజు ముగించుకొని బయటికి వస్తుండగా మస్జిద్ మెట్ల దగ్గర ఒక పెద్దాయన మమ్మల్ని ఆపారు. ఖాజీపేటలో మోటారు సైకిళ్ళు బాగుచేసే షాపు ఆయనది. పక్కన కొడుకు తలవంచుకొని నిలబడి ఉన్నాడు. అతను డిగ్రీలో జువాలజీ చదివి పాసయ్యాడు.

"మౌల్వీసాబ్, మా వోనికి మీరన్న జెర చెప్పుండ్రి. బీఈడీ చెయ్యిరా అంటే వినడు. మెడికల్ షాపుల పెడ్త అంటే వినడు. సముద్రం అడుగున ఉండే పురుగుల గురించి చదువుతడట. మన వరంగల్ల సముద్రం యాడున్నది? ఆ పురుగులు ఎవలకు అక్కరకొస్తయి?"

"పురుగులు కావు అబ్బా" అన్నాడు అబ్బాయి మెల్లగా. అంతకు మించి ఏమీ అనలేదు.

ఇలాంటి సందర్భంలో తల్లిదండ్రుల మాట వినమని చెప్పి పంపించడం మాకు సులభం. ఆ రోజు మేము అలా చెప్పలేకపోయాము. ఎందుకంటే ఆ పెద్దాయన అడిగినది చిన్న ప్రశ్న కాదు. దైవప్రవక్త (సఅసం) ప్రయోజనం లేని జ్ఞానం నుండి అల్లాహ్ శరణు కోరేవారని మద్రసాలో మొదటి సంవత్సరాల్లోనే చదువుకున్నాము. అయితే ప్రయోజనం అంటే ఏమిటి? ఎవరికి ప్రయోజనం? ఎప్పటికి? మనిషి కడుపు నింపని జ్ఞానమంతా ఆ శరణు కోరవలసిన కోవలోకే వస్తుందా? చాచాతో "వచ్చే జుమాకు మాట్లాడుకుందాం" అన్నాము. ఆ వారం రోజులు అబ్బాయి ఇచ్చిన కాగితాలు, మా దగ్గర ఉన్న కితాబులు ముందేసుకొని కూర్చున్నాము.

ముందుగా ఆ చదువు ఏమిటో చూద్దాం. సముద్రంలో రెండు వందల మీటర్లు దిగితే వెలుగు బాగా మసకబారుతుంది. వెయ్యి మీటర్ల కింద సూర్యకాంతి అసలే ఉండదు. ప్రతి పది మీటర్లకు మన మీద ఉండే గాలి ఒత్తిడికి సమానమైన ఒత్తిడి అదనంగా చేరుతూ ఉంటుంది. అంటే వెయ్యి మీటర్ల దగ్గర అది సుమారు వంద రెట్లు. అటువంటి చోట ప్రాణి బతకడం అసాధ్యమని ఒకప్పుడు పండితులే అనుకున్నారు. ఎడ్వర్డ్ ఫోర్బ్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1840ల్లో ఏజియన్ సముద్రంలో పరిశీలించి, సుమారు 550 మీటర్ల కింద జీవం ఉండదన్న అభిప్రాయానికి వచ్చాడు. 1872 నుండి 1876 వరకు ప్రపంచమంతా తిరిగిన చాలెంజర్ నౌక వేల మీటర్ల లోతు నుండి కూడా జీవులను పైకి తెచ్చింది. ఫోర్బ్స్ అబద్ధమాడలేదు. తాను వెతికిన చోట దొరకనిదాన్ని మిగతా సముద్రమంతటికీ వర్తింపజేశాడు. ఈ పొరపాటు శాస్త్రవేత్తలే కాదు, మేమూ చేస్తుంటాము. తెలియని విషయం గురించి "అలాంటిదేమీ లేదు" అనడం మింబర్ మీద కూర్చున్నవారికి చాలా తేలికగా అలవాటవుతుంది.

మన బంగాళాఖాతం కూడా ఈ కథలో మొదటి నుండి ఉన్నది. 19వ శతాబ్దం చివరలో ఇన్వెస్టిగేటర్ అనే సర్వే నౌక మీద ఆల్‌ఫ్రెడ్ ఆల్‌కాక్ అనే వైద్యుడు ఈ సముద్రాల లోతుల్లోని చేపలను, పీతలను సేకరించి వర్ణించాడు. తరువాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం సముద్ర జీవశాస్త్రానికి పేరు తెచ్చుకున్నది. అక్కడి ప్రొఫెసర్ పి.ఎన్. గణపతి, ఆయన శిష్యులు ఒడ్డున ఇసుక రేణువుల మధ్య బతికే సూక్ష్మజీవుల మీద కూడా సంవత్సరాల తరబడి పనిచేశారు. ఇసుక రేణువుల మధ్య జీవులు! ఖాజీపేట చాచా వింటే ఏమనేవారో ఊహించుకోవచ్చు.

అయితే అబ్బాయి ఇచ్చిన కాగితాల్లో మమ్మల్ని కదిలించినది వేరే. 2018లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వారు సింధు సాధన అనే నౌక మీద మన కృష్ణా, గోదావరి నదుల ముఖద్వారాలకు ఎదురుగా ఉన్న సముద్రంలో వెతికారు. వెయ్యి మీటర్లకు మించిన లోతున, నేల పగుళ్ళ నుండి మీథేన్ వాయువు ఊరుతున్న చోట, ఒక జీవుల బస్తీ కనిపించింది. రకరకాల ఆల్చిప్పలు, గొట్టాల్లో బతికే జీవులు ఉన్నాయి. ఎండ పొడ లేదు. గడ్డి పరక లేదు. కొన్ని బాక్టీరియాలు ఆ వాయువుల నుండే శక్తి తీసుకుంటాయి. ఆ బాక్టీరియాల మీద ఆధారపడి మిగతా జీవులు బతుకుతాయి. ఇలా సూర్యుడితో నిమిత్తం లేకుండా బతికే జీవ సమూహాలు ఉన్నాయని మానవుడికి మొదటిసారి తెలిసింది 1977లో, పసిఫిక్ సముద్రంలోని గలాపగోస్ దీవుల దగ్గర. మన తీరం ఎదుట కూడా ఉన్నాయని తెలియడానికి ఇంకా నలభై ఏళ్ళు పట్టింది.

ఆ మీథేన్ ఎక్కడిది? నదులు మోసుకొచ్చిన ఒండ్రుతో పాటు చెట్ల ఆకులు, గడ్డి, నేల మీది సారం సముద్రం అడుగున యుగాల తరబడి పేరుకుంటాయి. అక్కడ సూక్ష్మజీవులు దాన్ని కుళ్ళబెట్టగా వాయువు పుడుతుంది. పాఖాల చెరువు దగ్గర పుట్టిన మున్నేరు కృష్ణలో కలుస్తుంది. రామప్ప ప్రాంతపు వానంతా గోదావరికి చేరుతుంది. అంటే మన ఓరుగల్లు అడవిలో రాలిన ఆకు కూడా, అల్లాహ్ తలచుకుంటే, ఎన్నో వేల సంవత్సరాల తరువాత ఆ చీకట్లో ఒక ప్రాణికి అన్నమవుతుంది. ఏ ఆకు రాలినా ఆయనకు తెలుసని సూరె అన్ఆమ్‌లో, భూమి మీద సంచరించే ప్రతి ప్రాణి ఉపాధి ఆయన బాధ్యతేనని సూరె హూద్‌లో ఎన్నిసార్లు పారాయణం చేసి ఉంటామో లెక్కలేదు. ఆ రాత్రి చదివినప్పుడు మాత్రం నోరు ఆగిపోయింది. "వరంగల్ల సముద్రం యాడున్నది" అన్న చాచా ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరికినట్లు అనిపించింది.

సగమే. హృదయం కదలడం వేరు, జీవితకాలం ధారపోయడం వేరు. ఇటువంటి ఆశ్చర్యం ఒక పూట చదివినా కలుగుతుంది. దాని కోసం ఒక పేద ఇంటి కుర్రవాడు రెండేళ్ళు ఎమ్మెస్సీ, ఆపైన ఐదారేళ్ళు పరిశోధన ఎందుకు చేయాలి?

ఇమామ్ గజాలీ తన ఇహ్యా గ్రంథంలో వైద్యం, గణితం వంటి విద్యలను ఫర్జె కిఫాయాగా లెక్కించారు. సమాజంలో కొందరైనా నేర్వాలి, ఎవరూ నేర్వకపోతే అందరూ దోషులే. తన కాలంలో అందరూ ఫిఖహ్ చదువుకే పరుగెత్తుతున్నారని, ఊళ్ళో ముస్లిం వైద్యుడే దొరకడం లేదని ఆయన బాధపడ్డారు. ఫిఖహ్ చదువుకున్న మాకు ఆ పేజీ ఎప్పుడూ కాస్త గుచ్చుకుంటుంది. ఇక ఈజిప్టు పండితుడు దమీరీ షాఫయీ ఫిఖహ్ ఆలిమ్ అయి ఉండి 14వ శతాబ్దంలో జంతువుల మీదే హయాతుల్ హయవాన్ అనే పెద్ద గ్రంథం రాశారు. మన పెద్దలకు ఈ చదువు పరాయిది కాదు.

మన కాలంలో డాక్టర్ సయ్యద్ జహూర్ ఖాసిమ్ ఉన్నారు. 1926లో సముద్రానికి ఎంతో దూరాన ఉన్న అలహాబాదులో పుట్టారు. అలీగఢ్‌లో జువాలజీ చదివి, బ్రిటన్ వెళ్ళి వేల్స్ ఒడ్డున రాళ్ళ మధ్య నీటిలో బతికే చిన్న చేపల మీద పరిశోధన చేశారు. ఆ చేపలు ఎవరికి అక్కరకొస్తాయని అప్పుడూ ఎవరో ఒకరు అనుకొనే ఉంటారు. ఆయనే 1974 నుండి 1981 వరకు గోవా సంస్థకు డైరెక్టరుగా ఉన్నారు. 1981 జనవరి 26న ఆ సంస్థ నౌక గవేషణి సముద్రం అడుగు నుండి మొదటిసారి లోహపు ముద్దలను పైకి తెచ్చింది. అదే ఏడాది చివర భారతదేశపు మొదటి అంటార్కిటికా యాత్రకు ఆయన నాయకత్వం వహించి, 1982 జనవరిలో అక్కడ అడుగుపెట్టారు. తరువాత జామియా మిల్లియా వైస్ చాన్సలర్ అయ్యారు. 2015లో మరణించారు.

ఆ లోహపు ముద్దల దగ్గరే అసలు విషయం ఉన్నది. బంగాళాదుంపల్లా ఉండే ఆ ముద్దల్లో మాంగనీస్, నికెల్, రాగి, కోబాల్ట్ ఉంటాయి. అవి కొన్ని మిల్లీమీటర్లు పెరగడానికి పది లక్షల సంవత్సరాలు పడుతుంది. హిందూ మహాసముద్రం మధ్యలో 75,000 చదరపు కిలోమీటర్ల మేర వాటిని అన్వేషించే హక్కు మన దేశానికి ఉన్నది. 2021లో కేంద్రం 4,077 కోట్ల రూపాయలతో డీప్ ఓషన్ మిషన్ ఆమోదించింది. ముగ్గురు మనుషులను 6,000 మీటర్లకు దించే మత్స్య 6000 వాహనం అందులో భాగమే. ఆ తర్ఫీదు కోసం 2025 ఆగస్టులో మనవాళ్ళు ఇద్దరు ఫ్రాన్సు వారి వాహనంలో అట్లాంటిక్ లోతుకు వెళ్ళారు. వారిలో ఒకరు 5,002 మీటర్ల వరకు దిగారు. ఇటు కృష్ణా గోదావరి సముద్రంలో, ఆ జీవుల బస్తీ ఉన్న ప్రాంతంలోనే, మంచులా గడ్డకట్టిన మీథేన్ నిల్వలు ఉన్నాయని 2006లోనే తవ్వి చూశారు. దాన్ని ఇంధనంగా తీయాలన్న ఆలోచన ఉన్నది.

అంటే మనిషి చేయి అక్కడికి చేరబోతున్నది. చేయి చేరకముందే అక్కడ ఎవరున్నారో తెలిసినవారు ఉండాలా, వద్దా? పెరూ దేశం ఎదుట సముద్రం అడుగున 1989లో శాస్త్రవేత్తలు ప్రయోగంగా దున్ని చూశారు. 2015లో మళ్ళీ వెళ్ళి చూస్తే ఆ చాళ్ళు అలాగే ఉన్నాయి. మనవాళ్ళు కూడా 1997లో హిందూ మహాసముద్రంలో అడుగు మట్టిని కదిలించి, అక్కడి చిన్న జీవులకు ఏమవుతుందో చూడడానికి మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. ముందు ఏముండేదో లెక్కపెట్టినవాడు లేకపోతే తరువాత ఏం పోయిందో చెప్పగలవాడు ఉండడు. దావాలో ఆస్తి ఉంది, ప్రతివాది ఉన్నాడు, మూగజీవి తరపున సాక్షి మాత్రం లేడు అన్నట్లుంటుంది. లోహాలు తీయడం హరామ్ అని మేము అనడం లేదు. బ్యాటరీలకు, కరెంటుకు దేశానికి అవి అవసరం కావచ్చు. సాక్షిని పిలవకుండా తీర్పు ఇవ్వడం మాత్రం న్యాయం కాదు. ఇస్లాంలో సాక్ష్యం అమానత్. దాన్ని దాచడం పాపం.

సాక్ష్యం దాచడం ఎంత పాపమో, అడిగినవాడికి నచ్చినట్లు చెప్పడం కూడా అంతే. ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. సూరె నూర్ 40వ ఆయత్‌లో లోతైన సముద్రపు చీకట్ల ఉపమానం ఉన్నది. కొన్నేళ్ళ క్రితం ఒక జుమా ప్రసంగంలో ఆ ఆయత్ చెప్పి, "ఫలానా పెద్ద పెద్ద సముద్ర శాస్త్రవేత్తలు దీన్ని చూసి ఒప్పుకున్నారు" అని ఎంతో ఉత్సాహంగా చెప్పాము. 1980 దశకంలో కొన్ని సమావేశాలకు శాస్త్రవేత్తలను పిలిచి రికార్డు చేసిన మాటలవి. తరువాత తెలిసిందేమంటే, వారిలో ఒక సముద్ర శాస్త్రవేత్త, తనను ప్రశ్న మీద ప్రశ్న వేసి ఆ మాట అనిపించారని, తాను ఉచ్చులో పడ్డానని 2002లో ఒక అమెరికా పత్రికకు చెప్పాడు. మేము విచారించకుండానే అతన్ని సాక్షిగా నిలబెట్టాము. ఆ ఆయత్ సత్యాన్ని తిరస్కరించినవారి కర్మల గురించి, వారిని కమ్ముకున్న చీకటి గురించి చెబుతుంది. దానికి ఒక ప్రొఫెసర్ సంతకం అవసరం లేదు. కాలిఫోర్నియా తీరం ఎదుట లోతు నీటిలో చూసిన జంతువుల్లో నాలుగింట మూడొంతులు తమ వెలుగును తామే పుట్టించుకునేవని 2017లో ఒక పరిశోధన తేల్చింది. అది చదవగానే మా మనసు మళ్ళీ ఆ ఆయత్ చివరి మాట వైపు పరుగెత్తబోయింది. పట్టి ఆపుకున్నాము.

తరువాతి జుమాకు చాచా, అబ్బాయి ఇద్దరూ వచ్చారు. ఇదంతా చెప్పాము. అబ్బాయితో ఒక మాట ప్రత్యేకంగా అన్నాము: "ఖుర్ఆన్‌ను రుజువు చేయడానికి వెళ్ళకు. అక్కడ ఉన్నది ఉన్నట్లు రాయి, లేనిది లేదని రాయి." చాచాతో, ఇది లాభసాటి మార్గమని చెప్పలేమనీ, పరిశోధన ముగిశాక కూడా ఉద్యోగం దొరకనివారు ఉంటారనీ చెప్పాము. చెల్లెలి పెళ్ళి, షాపు అప్పు అబ్బాయి మరిచిపోరాదు. ఎమ్మెస్సీ తరువాత ఫెలోషిప్ రాకపోతే ఏం చేస్తాడో ఇప్పుడే తండ్రికి మాట ఇవ్వాలన్నాము. ఇచ్చాడు.

చాచా చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అడిగారు, "మౌల్వీసాబ్, ఓడల నెలల కొద్ది ఉంటరంట గద. ఓడ తిరుగుతుంటే ఖిబ్లా ఎట్ల మరి?"

నమాజు మొదలుపెట్టేటప్పుడు ఖిబ్లా వైపు తిరగాలని, ఓడ దిక్కు మారినట్లు తెలిస్తే నమాజులోనే అటు తిరగాలని, నిలబడగలిగితే నిలబడే చదవాలని చెప్పాము. ఆయన కొడుకు వైపు తిరిగి, "ఇన్నవా?" అన్నారు. ఆ తరువాత ఫారానికి చివరి తేదీ ఎప్పుడని అడిగారు.