ఇష్టం లేని కాపలా

ఇష్టం లేకుండా చేసిన మేలు మేలేనా? ఒక పాత సినిమా చూసినప్పుడు నాకు ఈ ప్రశ్న వచ్చింది.

అది 1987లో వచ్చిన ‘పసివాడి ప్రాణం’. దర్శకుడు ఎ. కోదండరామిరెడ్డి. అందులో చిరంజీవి వేసిన మధు భార్యను పోగొట్టుకుని తాగుడులో పడినవాడు. మాట రాని, చెవులు వినపడని ఒక పిల్లవాడు అతని దగ్గరికి చేరతాడు. తల్లిని చంపినవాళ్లను ఆ పిల్లవాడు చూశాడు. అందుకే వాళ్లు వాడి కోసం వెతుకుతుంటారు. తనను తానే చూసుకోలేని మనిషి ఇంకొకరిని ఏం కాపాడతాడు అనిపిస్తుంది. కానీ కాపాడతాడు. ఇది ఫాజిల్ మలయాళంలో తీసిన కథ. తమిళంలో ఆయనే సత్యరాజ్‌తో ‘పూవిళి వాసలిలే’ తీశారు. అందుకే మా వీధిలో తమిళవాళ్లకూ ఈ కథ తెలుసు.

మాది శివకాశి పక్కన తిరుత్తంగల్. మా పక్కింటి పిన్ని అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనికి పోతుంది. ఆమె కొడుక్కి ఆరేళ్లు. “బడి నుంచి వచ్చేటప్పుడు వీణ్ణి కూడా పిల్చుకోని రామ్మా” అని నాకు అప్పజెప్పింది. నాకు ఇష్టం లేదు. వాడు మెల్లగా నడుస్తాడు. చీమ కనిపించినా నిలబడిపోతాడు. ఎదురు చెప్పలేక సరే అన్నాను.

ఒకరోజు బడి అయ్యాక స్నేహితురాళ్లతో నిన్ర నారాయణ పెరుమాళ్ గుడికి కొండ ఎక్కాను. వాణ్ణి మరిచిపోయానని తర్వాత ఇంట్లో చెప్పాను. నిజం అది కాదు. వాడు గుర్తొచ్చాడు. ఎవరో ఒకరు తీసుకుపోతారులే అనుకున్నాను. దిగి వచ్చేసరికి చీకటి పడుతోంది. వాడు బడి గేటు దగ్గరే సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఏడవలేదు. “నువ్వొస్తావని తెలుసక్కా” అన్నాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

సినిమాలో విలన్ కనిపిస్తాడు. ఎవరి నుంచి కాపాడాలో మధుకు తెలుసు. ఆ రోజు మా పిల్లవాడికి అపాయం నా వల్లే వచ్చింది. ‘ఎవరో ఒకరు చూస్తారులే’ అనే మాటే ఆ అపాయం. మనం ఫైట్లకు చప్పట్లు కొడతాం. పిల్లలకు కావలసింది మాత్రం రోజూ టైముకి వచ్చే మనిషి.

ఇష్టం లేకుండా చేసిన మేలు మేలేనా అంటే, అవుననే అంటాను. గేటు దగ్గర కూర్చున్నవాడికి నా మనసులో ఏముందో అక్కర్లేదు, నేను రావాలి, అంతే. మనసు కుదిరాక చేద్దాం అనుకుంటే చీకటి పడిపోతుంది. కానీ రోజూ గొణుక్కుంటూ చేస్తే, తాను బరువని పిల్లవాడికి తెలిసిపోతుంది. అందుకని మొదట ఇష్టం లేకపోయినా, చేస్తూ చేస్తూ నేర్చుకోవాలి.

ఇప్పుడు వాడు చీమ దగ్గర ఆగితే నేనూ ఆగుతున్నాను. మరిచిపోయానన్న మాట అబద్ధమని పిన్నికి ఇంకా చెప్పలేదు. ఈ వ్యాసం అచ్చయ్యేలోపు చెప్పాలి.